నీళ్ళెరగని కప్ప

మా అమ్మ ప్రేమలీలకు నేను కప్పల వెంట తిరగడం ఏనాడూ నచ్చలేదు. "బైబిల్లో దేవుడు ఐగుప్తు మీదికి తెగులుగా పంపించినవాటిని నువ్వు చేతులారా వెతుక్కుంటా పోతావుండావు. నీకేమన్నా బుద్ధుండాదా ఫేబీ," అంటుంది. ఇంట్లో అని ఊరుకోదు, ఆదివారం ప్రార్థన అయ్యాక పక్కన కూర్చున్నవాళ్ళతో కూడా అంటుంది. వాళ్ళు నావైపు జాలిగా చూస్తారు. నాకు పెళ్ళి కాకపోవడానికీ కప్పలకూ ఏదో సంబంధం ఉందని వాళ్ళ అనుమానం. అది పూర్తిగా తప్పని నేనూ చెప్పలేను.

నేను కోటలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా పాఠంలో కప్ప బతుకు చాలా సులువు. గుంటలో గుడ్లు, గుడ్లలోంచి తోకకప్పలు, తోక ఊడి కాళ్ళు వస్తే కప్పలు. బొమ్మ వేసి బాణం గుర్తులు సరిగ్గా పెడితే మార్కులు. నక్కలతిప్ప మీద ఉండే కప్ప మాత్రం ఈ పాఠం చదువుకోలేదు. అది గుంటలోకి దిగదు. ఆకుల అడుగున చెమ్మలో గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలితే తోకా గీకా ఏమీ లేకుండా కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్న బుల్లి కప్పే బయటికి వస్తుంది. పెద్దదైనా మన బొటనవేలి గోరుకంటే కాస్త ఎక్కువ, అంతే. ఎండుటాకు రంగు. వేళ్ళ చివర గుండ్రటి మెత్తలుంటాయి, వాటితో ఈతమట్టను పట్టుకుని నిలువునా ఎక్కేస్తుంది. వాన పడ్డాక సాయంకాలం పొదలోంచి టిక్, టిక్, టిక్ అంటుంది. ఎండ కాసినన్నాళ్ళూ నోరు విప్పదు.

కోట నుంచి సముద్రం వైపు పోయే బస్సు ఆఖరి స్టాపులో దిగితే పట్టపుపాళెం. చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఊరి వెనక నక్కలతిప్ప. చుట్టూ అంతా చదును నేల, ఇసుక, రొయ్యల గుంటలు. కొండలనేవి ఉంటే గింటే పడమటి దిక్కున వెలికొండలే, అవి ఇక్కడికి కనిపించను కూడా కనిపించవు. అటువంటి చోట ఈ రాతితిప్ప ఎందుకు లేచిందో, ఆ కొండల్లో ఉండాల్సిన కప్ప ఈ తిప్ప మీద ఎట్లా మిగిలిందో నాకు తెలియదు. తెలిసినవాళ్ళను అడుగుదామంటే అంత తీరిక ఉన్నవాళ్ళు దొరకలేదు. తిప్ప నెత్తిన ఈతచెట్లు, కలివిపొదలు, బలుసు ఉన్నాయి. సముద్రపు గాలి తెచ్చే మంచు ఆ ఆకుల మీద దిగి, రాళ్ళ సందుల్లోకి కారి, ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడ చెమ్మ నిలుస్తుంది. ఆ కాస్త చెమ్మే వాటి లోకం.

నాకు ఆ తిప్ప దారి చూపించింది మహాలక్ష్మి. ఆమె ఇల్లు తిప్ప మొదట్లోనే, తాటాకు కప్పు ఇల్లు. ఎండుచేపలు కోట సంతకు తెచ్చి అమ్ముతుంది. మధ్యలో తీరిక దొరికితే ఈతాకు కోసం తిప్ప ఎక్కుతుంది. మొదటిసారి నేను పైన కప్పలున్నాయా అక్కా అని అడిగితే నన్ను కిందికీ పైకీ చూసింది.

"నీళ్ళు లేని చోట కప్పలేంది టీచరమ్మా? తిప్ప మీద ఏముంటాయి, పాములుండాయి, రాతిబల్లులుండాయి."

వాన అప్పుడే వెలిసింది. పైన టిక్ టిక్‌మంది. అది ఏంటి మరి అన్నాను. రాతిబల్లి, మా అమ్మ కాలం నుంచీ అరస్తానే ఉండాది అంది. ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా అదే జవాబు. వాళ్ళ తప్పేమీ లేదు, నీళ్ళలో ఉండేదాన్నే వాళ్ళు కప్ప అంటారు. నేను వెతికి వెతికి ఒకదాన్ని పట్టుకుని అరచేతిలో పెట్టి చూపిస్తే మహాలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇది పిల్లది గదా. దీనమ్మ యాడుండాది?" అంది. ఇదే అమ్మ అని చెబితే నమ్మడానికి ఆమెకు ఒక వానాకాలం పట్టింది. నమ్మాక మాత్రం నాకంటే ఆమెకే పట్టింపు ఎక్కువైంది. ఈతాకు కోసేటప్పుడు మట్ట మొదలు తట్టి చూసి, ఏమీ లేకపోతేనే కత్తి వేసేది. నేను పోయినప్పుడల్లా, నీ బిడ్డలు బాగుండారులే అని ముందే చెప్పేది.

ఊళ్ళో మామూలు కప్పలు అంతకుముందే పోయాయి. రొయ్యల గుంటలు ఊరికి మూడు పక్కలా వచ్చాక ఉప్పు నేలలోకి దిగింది. ముందు పంట కాలవలో కప్పలు పోయాయి, తరువాత గోదురు కప్పలు పోయాయి, ఆ తరువాత దొరువుల్లో నీళ్ళే పాడైపోయాయి. దొరువంటే ఇసుకలో తవ్విన లోతులేని బావి. వాన నీరు ఇసుకలో ఇంకి, ఉప్పునీటి మీద తేలి, అందులో ఊరుతుంది. వానలు బాగా కురిసిన ఏడాది ఆ నీళ్ళు తియ్యగా ఉంటాయి. కురవని ఏడాది నోట్లో పోసుకుంటే కన్నీళ్ళ రుచి. తాగడానికి అందరూ క్యాన్లు తెప్పించుకుంటారు. వంటకూ స్నానానికీ దొరువే గతి.

ఇంతలో తిప్పను కొట్టి కంకర చేస్తారన్నారు. ఎక్కడో రోడ్డుకు ఆ రాయి కావాలట. రాయి దొరికే ఊళ్ళు ఇంకా ఉన్నాయి, మరి నక్కలతిప్పే ఎందుకంటే, దగ్గరగా ఉంది, అడిగేవాళ్ళు లేరు. నేను అడిగాను. అడిగిన ప్రతి ఆఫీసులో నన్ను కూర్చోబెట్టి మర్యాదగా టీ ఇచ్చారు. కప్పకోసమా మేడం అని ఒకాయన రెండుసార్లు అడిగి, రెండోసారి నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజు టీ తాగకుండా లేచి వచ్చేశాను. దానివల్ల తిప్పకు ఒరిగిందేమీ లేదు.

చివరికి, అనుమతికి ముందు తిప్పను పరిశీలించి రిపోర్టు ఇవ్వాల్సిన ముగ్గురు నెల్లూరు నుంచి వచ్చి చూసిపోవడానికి ఒప్పుకున్నారు. వాళ్ళలో పెద్ద విజయభాస్కర్ గారు, పక్షుల మీద చదువుకున్న మనిషి. ఫోన్లో సూటిగానే మాట్లాడారు. "తిప్ప మీద ఆ కప్ప బతికి ఉన్నట్టు మేం కళ్ళారా చూసినా సరే, చెవులారా విన్నా సరే, పూర్తి పరిశీలన అయిందాకా పని ఆపించగలను. అది నా చేతిలో ఉంది. చూడకుండా, వినకుండా రాయమంటే రాయలేను." నేను వాన పడేదాకా ఆగండి సార్, వాన పడితే మీరు తిప్ప కింద నిలబడినా వినిపిస్తాయి అన్నాను. ఆయన నవ్వలేదు. "వచ్చే వారం రిపోర్టు ఇవ్వాలమ్మా. వానను నేను పిలిపించలేను గదా," అన్నారు.

అక్టోబరు వచ్చేసింది, మా వైపు వానలకు అదే కాలం. మబ్బు మాత్రం సముద్రం మీదనే ఉండిపోయింది. ఒక్కొక్క రోజు ఆశ పెట్టి మధ్యాహ్నానికి చెదిరిపోయేది. తిప్ప మీద ఆకులు కాలి కింద పడితే అప్పడాల్లా విరిగేవి. నేను కాలేజీకి సెలవు పెట్టి రోజూ ఎక్కాను. ఈతమట్టల మొదళ్ళు, రాళ్ళ అడుగులు, ఆకుల పొరలు, అన్నీ వెతికాను. అంతకుముందు ఏడాది ఒక్క సాయంకాలంలో ఎన్నో కనిపించిన చోట ఒక్కటి లేదు. చచ్చిపోయాయా, లోపలెక్కడో నక్కి ఉన్నాయా చెప్పలేను. వాళ్ళు రావడానికి ముందురోజు, పొద్దు వాలే వేళ, ఒక పాత ఈతచెట్టు మట్ట వెనకాల ఒకే ఒకటి దొరికింది. కళ్ళు మూసుకుని, కాళ్ళు కడుపు కిందికి ముడుచుకుని ఉంది. నాకు ఏడుపు వచ్చింది. సంతోషంతోనే, ఒప్పుకుంటాను.

దాన్ని అక్కడే వదిలి దిగిపోతే చీకటి పడ్డాక కదిలిపోతుంది, మళ్ళీ దొరకదు. కోటకు తీసుకుపోదామంటే బస్సు ఉడుకుకు అది ఆగదు. అందుకని మహాలక్ష్మి ఇంట్లో పెట్టాను. పాత కుండలో తిప్ప మీది మట్టీ ఆకులూ వేసి, దాన్ని వదిలి, పైన పలచటి గుడ్డ కట్టాను. కోట నుంచి తెచ్చుకున్న నీళ్ళ బాటిలు ఆమె చేతికిచ్చి, ఆకులు ఆరిపోకుండా ఈ నీళ్ళు చిలకరించక్కా అని చెప్పాను. ఆమె కుండను ఇంట్లో చల్లటి మూలకు చేర్చింది.

"రేపు వొచ్చేవోళ్ళకు ఇది అరిసి చూపిస్తాదా టీచరమ్మా?"

"వాన లేకుండా అరవదక్కా. చూస్తారు, అంతే. ఇది ఒక్కటే కదా, ఒక్కదాన్ని చూసి నమ్ముతారో లేదో నాకూ తెలీదు."

"వాన పడితే?"

"పడితే ఇంకేం కావాలి. ఎన్ని మిగిలుంటే అన్నీ అరుస్తాయి. మనం ఏమీ చూపించే పని లేదు, తిప్పే చెప్పుకుంటుంది."

మహాలక్ష్మి కుండ వైపు చూస్తూ ఏదో ఆలోచనలో పడింది. నేను బస్సు తప్పిపోతుందని బయలుదేరాను.

మర్నాడు పొద్దున కోటలో నేను విజయభాస్కర్ గారి జీపు ఎక్కాను. దారి పొడుగునా ఆయన మంచిమాటలే మాట్లాడారు. అది వెలికొండల రకమో, ఈ తిప్పకే చెందిన రకమో తేలాలంటే ఎక్కడికి పంపాలో చెప్పారు. నేను ఉబ్బిపోయాను. మా అమ్మ ప్రార్థన చేసే పంపించింది ఆ రోజు, కప్పకోసం ప్రార్థన చేయాల్సి వచ్చిందే అని సణుగుతూనే చేసింది.

పాళెంలోకి మలుపు తిరగగానే పలక డప్పు మోత వినిపించింది. వీధి తడిసి ఉంది. ఎదురుగా ఆడవాళ్ళు ఒక గుంపుగా పాడుకుంటూ వస్తున్నారు. ముందు ఇద్దరు భుజాల మీద రోకలి పెట్టుకుని నడుస్తున్నారు, రోకలికి వేపమండలు కట్టి ఉన్నాయి. ఒక్కో ఇంటి ముందు ఆగుతున్నారు. ఆ ఇంటి ఇల్లాలు చెంబెడు నీళ్ళు తెచ్చి రోకలి మీద పోస్తోంది, కొంగులో దోసెడు బియ్యం వేస్తోంది.

"కప్పతల్లి," అన్నారు విజయభాస్కర్ గారు. ఆయన ముఖం విప్పారింది. "మా ఊరు సంగంలో నా చిన్నప్పుడు ఆడేవాళ్ళు. రోకలికి కప్పను కట్టి ఊరేగిస్తే వాన వస్తుందని. ఇప్పటికీ ఉందన్నమాట."

నేనూ నవ్వాను. ఊళ్ళో కప్పలెక్కడున్నాయి సార్ అనబోయాను. మాట సగంలో ఉండగా, రోకలి ముందు కొస పట్టుకున్నది మహాలక్ష్మి అని చూశాను. ఆమె తల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి, ముఖం వెలిగిపోతోంది. రోకలి మధ్యలో వేపాకుల నడుమ రొయ్యపిల్లలు పట్టే సన్నవల ముక్క చిన్న మూటగా కట్టి ఉంది. మామూలు కప్పనైతే తాడుతో కడతారు. తాడుకు అందనంత చిన్న కప్పకు మాత్రమే సన్నవల కావాలి.

జీపు ఆగకముందే దూకాను. గుంపును తోసుకుని పోయి మూట విప్పాను. ఎవరో ఏంది ఏంది అంటున్నారు. అది వేపాకు మీద వెల్లకిలా ఉంది. కాళ్ళు బార్లా చాచింది. చర్మం రంగు పోయి తెల్లబడింది. వేలితో ముట్టుకుంటే జిగురుగా ఉంది, కదల్లేదు. బొటనవేలితో కడుపు మీద మెల్లగా నొక్కాను, ఇంకా ఎందుకు నొక్కుతున్నానో నాకే తెలియకుండా చాలాసేపు నొక్కాను.

పాట ఆగిపోయింది. మహాలక్ష్మి రోకలి దించి వంగి చూసింది. "అయ్యో. నిద్రపోతా ఉండాదేమో చూడు టీచరమ్మా," అంది.

"ఏం నీళ్ళు పోశారు?" అని అడిగాను.

ఆ ఊళ్ళో అందరికంటే పెద్దామె, ముసలమ్మ, ముందుకు వచ్చింది. కప్పతల్లి ఆట పద్ధతి తెలిసింది ఆమె ఒక్కతే. "ఏం నీళ్ళేంది? ఎవురింటి నీళ్ళు వాళ్ళు పోసినారు. కప్పతల్లికి ఇంటి నీళ్ళే పొయ్యాల, కొన్న నీళ్ళు పొయ్యగూడదు. కొన్న నీళ్ళు పోస్తే వాన కూడా కొనుక్కోమంటాది తల్లి."

ఇంటి నీళ్ళు. ఇంటి నీళ్ళంటే దొరువు నీళ్ళు. చర్మంతో నీళ్ళు తాగే ప్రాణి మీద ఇంటికొక చెంబు చొప్పున వీధి పొడుగునా ఉప్పు నీళ్ళు పోశారు. ఏ ఇంటి దగ్గర చచ్చిందో కూడా వాళ్ళకు తెలియదు. చచ్చాక కూడా పోస్తూనే ఉన్నారు.

"కప్పతల్లి కప్పకు నీళ్ళు పోస్తే చస్తాదా యాడన్నా?" అంది ముసలమ్మ. నా మీద కోపం లేదు ఆ మాటలో, నిజంగానే ఆమెకు అర్థం కాలేదు. "మా కాలంలో ఎన్ని ఆడించినాం. ఆట అయినాక విప్పితే గుంటలోకి ఎగిరి పొయ్యేయి."

ముసలమ్మను ఏమీ అనలేక మహాలక్ష్మి మీద పడ్డాను. అంత మంది ముందు, బయటి మనుషుల ముందు, నోటికి ఎంత వస్తే అంత అన్నాను. నిన్ను నమ్మి పెట్టాను, నీ చేతిలో పెట్టాను, బాటిలు నీళ్ళిచ్చాను, ఒక్కటే మిగిలిందని చెప్పాను, ఒక్క పూట, ఒక్క పూట కాపాడలేకపోయావా అన్నాను.

"నీ కోసరమే గదా చేసినాను," అంది మహాలక్ష్మి.

"నా కోసమా?"

"వాన పడితే అన్నీ అరస్తాయని నువ్వే చెప్పినావు. వొచ్చినోళ్ళు వింటారు, తిప్ప నిలబడతాదని నువ్వే అన్నావు. కప్పతల్లి ఆడాలంటే కప్ప యాడుండాది ఈ ఊళ్ళో? ఎన్ని ఏళ్ళయిందో ఆడి. మా ఇంటికి కప్ప నడిచి వొచ్చినట్టు వొచ్చింది. ముసలమ్మత్తను నేనే పొయ్యి లేపినాను. ఆడించి మళ్ళా కుండలో పెట్టేస్తాము, నువ్వు వొచ్చే లోపల అయిపోతాదిలే అనుకున్నాము."

"ఉప్పు నీళ్ళు పోస్తే అది బతుకుతుందా? ఆ నీళ్ళు దానికి విషం. ఆ మాత్రం తెలీదా నీకు?"

మహాలక్ష్మి నా ముఖంలోకి చూసింది. ఆమె గొంతు పెంచలేదు.

"అవే నీళ్ళు టీచరమ్మా, మేం అన్నం వొండుకునేది. పిల్లకాయలకు పోసేది. విషమని మాకెవురూ చెప్పలేదే."

పలక కొట్టే అతను పలకను చంకలో పెట్టుకుని పక్కకు జరిగాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెంబులు పట్టుకుని ఇళ్ళలోకి పోయారు. చెంబులో మిగిలిన నీళ్ళను ఒకామె వాకిట్లో పారబోయబోయి, ఆగి, మళ్ళీ లోపలికి తీసుకుపోయింది. వంటకు కావాలి కదా.

విజయభాస్కర్ గారిని నేను తప్పు పట్టను. ఆయన జీపు ఎక్కి వెనక్కి పోవచ్చు, పోలేదు. ఎండలో తిప్ప ఎక్కారు. మిగిలిన ఇద్దరినీ చెరో పక్కకు పంపి పొదలన్నీ చూడమన్నారు. నేను ముందురోజు చూసిన ఈతచెట్టు దగ్గర ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మట్టలన్నీ ఒక్కొక్కటిగా వంచి చూశారు. చేతులు గీరుకుపోయి రక్తం వచ్చింది. గాలికి ఎండుటాకులు దొర్లే చప్పుడు తప్ప తిప్ప మీద ఏ చప్పుడూ లేదు. మధ్యాహ్నం దాటాక, దిగుదామమ్మా అన్నారు.

కింద జీపు దగ్గర నేను అగ్గిపెట్టెలో దూది మీద పెట్టిన కప్పను ఇచ్చాను. ఆయన చాలాసేపు చూశారు. "మీరు చెప్పినదంతా నేను నమ్ముతున్నాను. కానీ నేను చూసింది చచ్చిన కప్పను. చూసింది ఊళ్ళో. తిప్ప మీద చూశానని రాయలేను. ఊళ్ళో ఊరేగింపులో దొరికిందని రాస్తే, ఎక్కడి నుంచో తెచ్చి ఉంటారు అంటారు. అంతకంటే అది రాయకపోవడమే మీకు మర్యాద." వాన పడ్డాక మళ్ళీ రమ్మని అడిగాను. రిపోర్టు ఇచ్చాక తనకు ఆ అధికారం ఉండదన్నారు. తరువాత ఆయన జీపు ఎక్కారు, నేను బస్సులో వస్తానని చెప్పాను.

తిప్ప మీద ప్రత్యేకంగా కాపాడవలసిన ప్రాణి ఏదీ కనబడలేదని రిపోర్టు వెళ్ళింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ తరువాతి సోమవారమే యంత్రాలు దిగాయి. తిప్ప సముద్రం వైపు నుంచి మొదలుపెట్టారు, మంచు ముందుగా దిగే వైపు అదే. నేను రెండు వారాలు అటు పోలేదు. కాలేజీలో పిల్లలకు బాణం గుర్తుల బొమ్మ వేయించాను. మా అమ్మ ఐగుప్తు మాట ఎత్తడం మానేసింది. ఆమె అట్లా జాలిపడటం నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఆ తరువాత వాన వచ్చింది. అల్పపీడనమని టీవీలో చెబుతుండగానే వచ్చింది, వదలకుండా కురిసింది. తెరిపి ఇచ్చిన రోజు మధ్యాహ్నం మహాలక్ష్మి కోటలో మా ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎన్నడూ రాలేదు మా ఇంటికి. నేను అన్న మాటలకు ఇంకెవరైనా అయితే నా ముఖం చూసేవాళ్ళు కాదు. లోపలికి రమ్మంటే రాలేదు. చేతిలో ఒక సీసా ఉంది.

"దొరువు నీళ్ళు. తాగి చూడు," అంది.

తాగాను. తియ్యగా ఉన్నాయి. అక్కడే, గుమ్మంలో, సీసా సగం తాగేశాను.

"ఆలస్యమయింది గానీ వొచ్చింది వాన. కప్పతల్లి తన పానం ఇచ్చి తెచ్చిందని ముసలమ్మత్త అంటావుండాది. మా ఊళ్ళో అందురూ నీ పేరే చెప్పుకుంటావుండారు, టీచరమ్మ తెచ్చిన కప్ప వల్లనే వాన పడిందని. నువ్వొకసారి రావాల."

వాన అల్పపీడనం వల్ల వచ్చిందని చెప్పడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. నేను చెప్పి ఎవరికి ఏం లాభం. వద్దనే అనుకున్నాను, కానీ ఆమె వెంట బస్సెక్కాను.

పాళెంలో వీధి అంతా బురద. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నన్ను పలకరించారు. ఒకామె నా చేతిలో పసుపు పెట్టబోయి, నేను క్రైస్తవురాలినని గుర్తొచ్చి కాబోలు, బదులుగా రెండు మాగిన సీతాఫలాలు పెట్టింది. వాన మూలంగా యంత్రాలు ఆగి ఉన్నాయి. మహాలక్ష్మి ఇంటి వెనక నిలబడితే తిప్ప కనిపించింది. సముద్రం వైపు సగం లేదు. కొట్టేసిన చోట రాయి ఎర్రగా, తడిగా మెరుస్తోంది. ఇవతలి వైపు నెత్తిన ఈతచెట్లు నాలుగో అయిదో మిగిలాయి. నేను చెవులు రిక్కించను అని గట్టిగా అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా పైనుంచి వినిపించింది. టిక్. కాస్త ఆగి టిక్, టిక్.

మహాలక్ష్మి నా చెయ్యి పట్టేసుకుంది. "ఉండాది టీచరమ్మా. ఇంకొకటి ఉండాది."

నేను చెవి ఒగ్గి విన్నాను. అరిచేది మగది. అరిస్తే అవతలి పొదలోంచి ఇంకో మగది పోటీగా అరుస్తుంది, దాన్ని చూసి ఇంకొకటి, అట్లా తిప్పంతా అంటుకుంటుంది. అంతకుముందు ఏడాది ఆ గోలలో మేమిద్దరం ఒకరి మాట ఒకరికి వినపడక అరుచుకున్నాం. ఇది ఒక్కటే అరిచింది. ఆగింది. మళ్ళీ అరిచింది. అవతలి నుంచి ఏమీ రాలేదు. దానికి జవాబు చెప్పడానికి ఆ తిప్ప మీద ఎవరూ లేరు.

"ఎవురికీ చెప్పను," అని మహాలక్ష్మి నా చెవి దగ్గర మెల్లగా అంది. ఆమెకు ఎంత సంతోషమంటే నా పాత మాటలన్నీ ఎప్పుడో మరిచిపోయింది. "ముసలమ్మత్తకు కూడా చెప్పను. దాన్ని అట్టనే ఉండనిద్దాం. వొచ్చే ఏడు వాన రాకపోతే అప్పుడు దీన్ని అడుక్కుందాం. ఇప్పుడు దొరువు నీళ్ళు తియ్యనైనాయి గదా, పోసినా దానికేం గాదు. నువ్వు దగ్గరుండు, నువ్వెట్ట చెప్తే అట్టనే పోస్తాం. ఏం?"

పైన అది ఇంకా అరుస్తోంది. వచ్చే ఏటికి ఆ ఈతచెట్లు ఉండవు, ఆ రాయి ఉండదు, యంత్రాలు మర్నాడే మళ్ళీ మొదలవుతాయి. దొరువు వేసవికి మళ్ళీ ఉప్పవుతుంది. ఇవన్నీ చెప్పాలి. ఆమె తల తిప్పి నావైపే చూస్తోంది, నేను ఏదో ఒకటి చెప్పాలని.

"సరే అక్కా," అన్నాను.